ఇంకొక్క చుట్టు

శశాంక్‌కి ప్రపంచంలో దేన్ని చూసినా కాస్త లూజుగా ఉన్నట్టే అనిపిస్తుంది. విదేశంలో, ఫ్లాట్ బుష్ అనే పేటలో వాళ్ళింట్లో కుళాయి కట్టడానికి అతనొక్కడు చాలు, విప్పడానికి మాత్రం ఇద్దరు కావాలి. అతను మూత పెట్టిన ఆవకాయ సీసా ఇక ఎప్పటికీ భద్రం. ఎవరూ తినలేరు.

అలాంటివాడు ఒక శనివారం పొద్దున ఇంజిన్ ఆయిల్ తనే మార్చేద్దామని కారు కింద దూరాడు. ఉద్యోగం బిజినెస్ ఎనలిస్టు. పదకొండు నిమిషాల వీడియో రెండుసార్లు చూశాడు, రెండోసారి స్పీడు పెంచి. ఇంతకన్నా అర్హతేం కావాలి?

పాత ఆయిల్ దించాడు, కింది బోల్టు బిగించాడు, కొత్త ఆయిల్ పోశాడు. అంతటితో లేచుంటే పెద్దమనిషే. కానీ బోల్టు అంచున ఒక చుక్క కనిపించింది. తుడిస్తే పోయే చుక్క. శశాంక్ తుడవలేదు. రెండు చేతులతో స్పానర్ పట్టుకుని, టైరుకి కాలు తన్నిపెట్టి, ఇంకొక్క చుట్టు తిప్పాడు.

లోపలేదో కటుక్కుమంది. ఆపైన బోల్టు ఎటు తిప్పితే అటు, ఎంతో వినయంగా తిరగసాగింది. అది ఉక్కు బోల్టు, దానికేం కాలేదు. ఆయిలుండే తొట్టి అల్యూమినియం. బోల్టుని పట్టుకునే లోపలి మరలన్నీ చెక్కుకుపోయి వెంట్రుకల్లా బోల్టుకి చుట్టుకున్నాయి. ఆయిల్ బొట్లు బొట్లుగా, దోసెలపిండి కోసం దాచుకున్న ఐస్‌క్రీం డబ్బాలోకి దిగడం మొదలైంది.

"ఏమైందండీ?" అంది భార్య అమృత, గరాజ్ గుమ్మంలోంచి.

"ఏం లేదు. కొత్త ఆయిల్ కదా, సెటిల్ అవుతోంది."

అమృత డబ్బా వైపు చూసింది. సోమవారం తొమ్మిదింటికి ఆమెకు డ్రైవింగ్ టెస్టు, కారు మనమే తీసుకెళ్ళాలి. ఇండియా లైసెన్సు మీద ఇక్కడ ఏడాదే నడపనిస్తారు. ఆ ఏడాది మంగళవారంతో సరి. బుధవారం నుంచి పాపకూర అనే ఊళ్ళో వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగం, తెల్లారకముందే షిఫ్టు, ఆ వేళకి బస్సుల్లేవు. టెస్టు తప్పితే మళ్ళీ ఆరు వారాలకి గానీ డేట్ లేదు. కేర్ హోమ్ వాళ్ళు ఆరు వారాలు ఆగరు.

శశాంక్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "మా ఫ్రెండ్ ఒకతని కారు" అని మొదలుపెట్టి సమస్య రాశాడు. ఒకరు టెఫ్లాన్ టేపు చుట్టమన్నారు, ఒకరు ఎం-సీల్ పెట్టమన్నారు. అప్పారావు అంకుల్ కారు అమ్మేయమన్నారు. సోమవారం ఎవరైనా కారిస్తారా అని అమృత అడిగాక మాత్రం, రోజూ గుడ్ మార్నింగ్ పూలు పంపేవాళ్ళు కూడా మౌనం పాటించారు.

"మధుసూదన్‌ని పిలవండి" అంది అమృత.

శశాంక్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. మధుసూదన్ చదువుకోడానికొచ్చి న్యూ లిన్‌లో మెకానిక్‌గా స్థిరపడ్డ కుర్రాడు. తలా ఒక వంట తెచ్చుకున్న దసరా పాట్‌లక్‌లో శశాంక్ అతన్ని పక్కకి పిలిచి, "ఎన్నాళ్ళని ఈ గ్రీజు? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చెయ్యి, లైఫ్ మారిపోతుంది" అని అరగంట హితబోధ చేశాడు. పులిహోర చల్లారిపోయింది.

అమృతే ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి మధుసూదన్ పెట్టెతో వచ్చి, బోల్టు తీసి వెలుగులో పట్టి చూశాడు.

"ఎవలు బిగిచ్చిన్రన్నా దీన్ని?"

"ఫ్యాక్టరీ డిఫెక్టేమో మధూ."

"పదేండ్ల సంది మంచిగుండి, గియ్యాల పొద్దుగాలనే డిఫెక్టొచ్చిందా?"

"నిన్నటిదాకా బాగానే ఉంది బాబూ, ఈయన ముట్టుకునేదాకా" అంది అమృత.

మధుసూదన్ మిగిలిన ఆయిల్ దించేసి, పాడైన రంధ్రాన్ని కాస్త పెద్దది చేశాడు. లోహపు పొట్టు లోపల పడకుండా పనిముట్టుకి గ్రీజు పూసి కొత్త మరలు కోశాడు. అందులోకి స్ప్రింగులాంటి సన్నని తీగచుట్టను ఎక్కించాడు. ఆ చుట్టలోపలి మరల్లో పాత సైజు బోల్టే సరిగ్గా కూర్చుంది. చివరికి ఒక పొడుగాటి స్పానర్ తీసి శశాంక్ చాచిన చేతిని దాటించి అమృతకిచ్చాడు.

"వదినా, చాలినంత బిగువుకు టక్ మంటది. అట్లన్నంక ఆపాలె. గంతే."

టక్ మంది. అమృత ఆపేసింది.

"అంతేనా? ఇంకొంచెం..." అన్నాడు శశాంక్.

"అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ జూస్కోరాదే."

కొత్త ఆయిల్ పోశారు. చుక్క కారలేదు. ఆదివారమంతా శశాంక్ అన్నం సహించక తిరిగాడు. అంత తేలిగ్గా బిగించింది నిలుస్తుందా? సాయంత్రం అమృత గరాజ్‌కి తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుంది.

సోమవారం టెస్టింగ్ సెంటర్లో, టెస్టు తీసుకునే ఆఫీసరు వస్తుంటే అమృత మొగుడి కోసం చుట్టూ చూసింది. కారు ముందు రెండు బూట్లు కనిపించాయి. మిగతా మనిషి కింద ఉన్నాడు.

"బయటికొస్తారా, స్టార్ట్ చెయ్యనా?" అంది, ఆఫీసరుకేసి నవ్వుతూనే.

"ఒక్క పావు చుట్టు, అమ్మూ..."

అమృత కారెక్కి తాళం తిప్పింది. ఇంజిన్ గుర్రుమంది. శశాంక్ జీవితంలో మొదటిసారి దేన్నీ బిగించకుండానే వదిలేసి వచ్చాడు. ఎలా దాచి తెచ్చాడో, అతని చేతిలోని స్పానర్ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళిపోయింది.

గంట తర్వాత కారు తిరిగొచ్చింది. అమృత కాగితం పట్టుకుని దిగింది. మొహం చూస్తేనే తెలుస్తోంది, పాస్. శశాంక్ పరుగెత్తుకొచ్చాడు. ఆమె దగ్గరికి కాదు. బంపర్ ముందు మోకాళ్ళేసి, చెంప నేలకి ఆనించి కిందికి చూశాడు. పొడిగా ఉంది. అదే అతనికి అనుమానంగా తోచింది.

"ఈయన మీతో వచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగాడు ఆఫీసరు.

అమృత కారు తలుపు తీసింది. "వచ్చేటప్పుడు వచ్చారు. వెళ్ళేటప్పుడు బస్సు" అంది.

బెల్టు పెట్టుకుంది, అద్దాలు చూసుకుంది, ఇండికేటర్ వేసింది, భుజం మీదుగా వెనక్కి చూసింది. అన్నీ రూల్ ప్రకారమే. నేలమీదున్న మనిషి చేతులకి తగలకుండా నెమ్మదిగా రివర్స్ చేసుకుని, కేర్ హోమ్‌లో లైసెన్సు కాగితం చూపించడానికి పాపకూర రోడ్డెక్కింది.