ఈ పద్యంలో రసమేది?

జొన్నపిండి చల్లిన పీట మీద కమల చూపుడువేలితో గురువులూ లఘువులూ గీసుకుంటోంది. పెనం మీద రొట్టె కాలేలోపు ఒక పాదం. గణాలు కుదిరాయి, యతి కుదిరింది. ఆటవెలదే, సందేహం లేదు.

అడుగు చప్పుడైన నతివ గుండెలదరు
పొయ్యి కడనె లేచి పొంగు మరచు
తలుపు తీయు మునుపె తలకొంగు సవరించి
చేతి గాజు లదిమి చేరి నిలుచు

సందేహమంతా రసం దగ్గరే. "శృంగారం. మొగడొస్తున్నడని పెండ్లాం పులకరిస్తున్నది," అని భర్త సోమేశ్వర్ నిన్ననే తేల్చేశాడు. సంగారెడ్డి బడిలో తెలుగు పంతులు ఆయన. మొన్నమొన్నటిదాకా చదువంతా ఉర్దూలో నడిచిన ఊళ్లో ఇప్పుడు ఆడపిల్లల బడికి తెలుగు పంతులమ్మ కావాలి. రేపటి పరీక్ష గట్టెక్కితే ఆ కొలువు కమలకు దొరుకుతుంది. పరీక్షలో ఇదే రావచ్చని ఈ పద్యం రాసిచ్చింది ఆయనే. "ఒక్కసారి తప్పితే ఇగ ఇంట్లనే కూసో," అన్నదీ ఆయనే.

పులకింతే అయితే గాజులు మోగనివ్వాలి కదా, ఈమె ఎందుకు అదిమిపట్టింది? పొంగుతున్న పాలను మరిచేంత సంతోషం ఎలా ఉంటుందో కమల గుర్తు చేసుకోబోయింది. గుర్తొచ్చింది వేరే: వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు, ఇవాళ ఏం మరిచిపోయానా అని ఇల్లంతా కళ్లతో తడుముకోవడం. అత్త ఆగమ్మ ఒకసారి అది చూసి, "మొగడొచ్చే యాళ్లకు దొంగ లెక్క గట్ల ఉలికిపడ్తవేందే?" అంది. ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. చీరలు తెస్తాడు, దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్తాడు. అలాంటప్పుడు ఈ దడ ఎవరిది? పద్యంలో ఆమెదా, తనదా? తనది తీసుకెళ్లి ఆమెకు అంటగడుతోందా? లేక పులకింతంటే ఇదేనా, ఇన్నేళ్లూ తనకే పేరు తెలియలేదా?

పిండి చేతిని కొంగుకు తుడుచుకుని, జవాబులు రాసుకుంటున్న కాగితం మీద 'భయానకం' అని రాసింది. రాశాక ఇంకా అయోమయంగా అనిపించింది. ఈలోపు రొట్టె మాడిపోయింది.

సోమేశ్వర్ వచ్చి కాగితం అందుకున్నాడు. పకపకా నవ్వాడు.

"భయానకమా? పిచ్చిదానా, నేనెన్నడన్న కొట్టిన్నా నిన్ను?"

"లేదు."

"తిట్టిన్నా?"

"గట్టిగ తిట్టలె."

"మరేంది నీ పరేషాన్? పద్యానికి రసం రాస్తున్నవా, నీ కత రాస్తున్నవా? పేపర్లు దిద్దేది నా అసుంటోళ్లే. అది గీకేసి శృంగారమని రాయి. లేకుంటే తప్పుతవ్."

కమల కలం తీసుకుంది. ఆయన అన్నదే నిజం కావచ్చు. ఆయనకు తెలిసినన్ని పద్యాలు తనకు తెలియవు. తప్పితే బతుకంతా ఈ పొయ్యి ముందరే. కలం ఆ మాట మీద ఆనింది, గీత పడలేదు. ఆమె కలం పక్కన పెట్టి ఆయన ముఖంలోకి చూసింది.

"భయమెందుకో నాకు తెల్వదు. గని అది భయమే. రేపు గిదే రాస్త."