సమానంగా పంచిన మాత్ర

నేను ఒక మలేరియా మాత్రల అట్టను. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసమని నాకు ఆకుపచ్చ రంగేశారు. వేలితో నొక్కితే టప్పుమంటాను. ఆ చప్పుడుకి జ్వరంతో ఉన్న పిల్లలు కూడా నవ్వుతారు. నా గొప్ప అంతే.

అసలు గొప్ప నాలోని మందుది. చైనాలో ఒక చేదు ఆకు దానికి పుట్టిల్లు. శాస్త్రవేత్తలు మొదట ఆ ఆకును మరిగించారు, ఆ వేడికి మందు చెడిపోయింది. చన్నీళ్లలో నానబెట్టి పిండమని పదహారు వందల ఏళ్లనాటి పుస్తకంలో ఉంటే, అది చదివి, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో మందు తీశారు. ఆ మందులో రెండు ఆక్సిజన్ పరమాణువులు కొత్తగా పెళ్లయినవాళ్లలా చేతులు పట్టుకుని ఉంటాయి. నెత్తుట్లో మలేరియా క్రిమి దగ్గరి ఇనుము తగిలితే ఆ చేతులు విడిపోతాయి. ఆ విడిపోవడమే క్రిమిని చంపుతుంది.

ఒక ఆషాఢంలో ఆశా కార్యకర్త సుందరి సంచిలో పాడేరు కొండల మీది ఊరికి వెళ్లాను. ఎనిమిదేళ్ల చంపాకి మలేరియా అని తేలింది. సుందరి మొదటిరోజు మందు తన ఎదుటే మింగించి, వాగు పొంగితే మళ్లీ రాలేనని నన్ను తల్లి ముక్త చేతిలో పెట్టింది.

"వదినా, మిగతా రెండూ దీనికే. రేపొకటి, ఎల్లుండొకటి. జ్వరం తగ్గినా ఆపకు."

"నాను మరిసినా ఇది మరవనిస్తాదేటి? దీని నోరు తెలీదా!" అని ముక్త నవ్వింది.

తెల్లారేసరికి వాగు పొంగింది. చంపా తమ్ముడు ఆరేళ్ల సొంబ్రుకీ ఒళ్లు కాలిపోతోంది.

ఆ ఇంట్లో గుడ్డు ఉడికినా దారంతో సరిగ్గా రెండు ముక్కలు చేస్తారు. ముక్త మాత్రను కత్తితో సగం చేసింది.

"తమ్ముడిదే పెద్ద ముక్క!" అంది చంపా.

"నోర్ముయ్యే. రెండూ ఒకటే."

రాలిన పొడిని కూడా వేలికద్ది సొంబ్రు నాలుకకి రాసింది. మర్నాడూ అంతే. మనుషుల న్యాయం చూడ ముచ్చటగా ఉంటుంది. క్రిమికి మాత్రం దానితో పనిలేదు. సగం మందుకి కొంత చచ్చి, మిగిలింది మళ్లీ పెరుగుతుంది.

నాలుగో రోజు సుందరి వాగు దాటి వచ్చేసరికి సొంబ్రు లేడు. ఫిట్స్ వచ్చి పోయాడు. చంపాకి జ్వరం తిరగబెట్టింది.

"సమానంగానే పంచేను వదినా," అంది ముక్త. "ఎక్కడ తప్పేను?"

సుందరి చంపాని వీపున కట్టుకుని ఆసుపత్రికి నడిచింది. సూదిమందుతో ఆ పిల్ల బతికింది.

ఖాళీ అట్టలు సుందరి ఆరోగ్య కేంద్రంలో అప్పగించాలి. అక్కడి సూపర్‌వైజరు నన్ను తిప్పి చూశాడు.

"అన్నీ ఖాళీయే. కోర్సు పూర్తి."

"పూర్తవలేదు సార్. ఇద్దరు మింగేరు. అలా రాయండి."

"ఎక్కడ రాయమంటావమ్మా?"

ఫారంలో ఒక్క పేరుకే గడి ఉంది. ఆయన చంపా పేరు పక్కన 'పూర్తి' అని రాసి, నన్ను చెత్తబుట్టలో వేశాడు.