గురువారం పాదాలు

తడి బియ్యప్పిండిలో వేళ్లు ముంచి కుంతల గడప నుంచి పూజగది దాకా లక్ష్మి పాదాలు వేసింది. మార్గశిర గురువారం. ఒడిశాలోని బలాంగీర్‌లో ఈ పూజకి ఇల్లాలే పూజారి. ఉపవాసం ఆమెది, వంట ఆమెది, కథ చదివేదీ ఆమే.

కూతురు ఝిలికి ఎప్పటి వేళకే ఇన్సులిన్ సూది వేసింది. ఆ పిల్ల రోజూలాగే కళ్లు మూసుకుని "అయిందా అమ్మా?" అంది. సూది పడ్డాక అరగంటలో తినాలి, లేదంటే ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఆలోగా పూజ ముగుస్తుందనుకుంది కుంతల.

"మా దేబు స్నానం కాకుండానే కథేంటమ్మా? ఆగు," అంది అత్త సులోచన.

కుంతల భర్త దేబు ఇంకా ఫోన్లోనే ఉన్నాడు.

"పిల్లకి సూది వేసేశానత్తయ్యా. కాస్త ఏదైనా పెడతాను."

"నైవేద్యం కాకుండానా? లక్ష్మి కంటే మీ డాక్టరు గొప్పా?"

కుంతల తీసిన గిన్నె మళ్లీ పక్కన పెట్టేసింది. లక్ష్మి అంటే ఆమెకూ భయభక్తులే. ఝిలికి మధ్యాహ్నం సూది వేయడానికి ఎండైనా వానైనా బడి వరండాలో కూర్చుంటుంది. అందుకోసం అంగన్‌వాడీ ఉద్యోగం మానేసింది. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అని దేబు నవ్వుతూ అన్నప్పుడూ ఇలాగే సర్దుకుపోయింది.

చివరికి దేబు వచ్చి పీట మీద కూర్చున్నాడు. కథలో లక్ష్మి అలిగి ఇల్లు విడిచే చోటుకు వచ్చేసరికి కుంతల చెంగును ఒక చేయి పట్టుకుంది. చల్లగా, చెమటతో, వణుకుతూ.

"ఝిలీ! చెప్పవేంటే తల్లీ?"

"కథ మధ్యలో మాట్లాడితే... లక్ష్మి వెళ్లిపోతుందంది నానమ్మ."

కుంతల పుస్తకం మూసింది. దేవి ముందున్న బెల్లం తీసి పిల్ల నోట్లో పెట్టింది.

"ఎంగిలి చేశావు!" అత్త అరిచింది.

కుంతల పిల్లను ఒళ్లోకి తీసుకుని కొంచెం కొంచెంగా బెల్లం తినిపించింది. వణుకు తగ్గి, ఝిలి కళ్లు తేటపడ్డాక పాయసం గిన్నె కూడా దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, లక్ష్మికి కోపం వచ్చిందా?"

"పిల్ల తింటుంటే ఏ అమ్మకి కోపం వస్తుందే?"

మరుసటి గురువారం తెల్లవారి లేచిన సులోచన గడప దగ్గరే ఆగిపోయింది. తెల్లటి పాదాలు పూజగదికి వెళ్లలేదు. వంటింట్లో ఝిలి పీట దాకా వెళ్లాయి. పీట ముందు వేడి ఉప్మా ఉంది.

"దేవుడి గది ఇటు కదా, కోడలా?"

"లక్ష్మి అటూ వస్తుందత్తయ్యా," కుంతల సూది సిద్ధం చేస్తూ అంది. "ముందు పిల్లని చూసి వస్తుంది."