మాల వేసుకున్న పదకొండు రోజులు

నా భార్య రంగనాయకి కీళ్లవాతానికి మూడేళ్లుగా రోజూ స్టెరాయిడ్ మాత్ర వేసుకునేది. ఉన్నట్టుండి ఆపకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పళని కొండకు కాలినడకన పోవడానికి మేం మాల వేసుకున్న రోజే మా అక్క కాంతమ్మాళ్ ఆ మాత్ర ఆపించింది.

"సామికి మాల ఏసుకొని ఇంగిలీషు మందా? మురుగన్ కంటే మీ డాక్టరు పెద్దోడా?"

నేను నోరెత్తలేదు. మాత్రలు ఇంట్లోనే వదిలి, తొమ్మిది రోజుల తర్వాత పొల్లాచ్చి నుంచి బయల్దేరాం.

రెండోరోజు నడకలో రంగనాయకి రెండుసార్లు వాంతి చేసుకుంది. "కాలు నిలవలేదు మామా, ఇంటికి పోదాం" అంది.

"కొండ కనపడేటప్పుడు ఎవురన్నా తిరుక్కొని పోతారా? నడు, నడు" అంది అక్క.

నడిచింది. సాయంత్రం రోడ్డు పక్కన కూలిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు తమిళంలో విడమరిచి చెప్పాడు. మూత్రపిండాల మీద ఒక గ్రంథి ఉంటుందట. ఒంటికి కష్టం వస్తే అది హార్మోను వదిలి రక్తపోటును నిలబెట్టాలి. ఆ పని మూడేళ్లు మాత్రే చేసేసరికి మెదడు ఆ గ్రంథికి కబురు పంపడం మానేసింది, గ్రంథి పని మరిచిపోయింది. మళ్లీ నేర్వడానికి నెలలు పడుతుంది. మేమిచ్చింది పదకొండు రోజులు. సూది వేశారు కానీ అప్పటికే ఆలస్యమైంది.

"పుణ్యాత్మురాలు. సామే పిలుచుకున్నాడు" అంది అక్క.

నర్సు కాగితం తెచ్చి, మందు ఎవరు ఆపించారని అడిగింది. అక్క తల వంచుకుంది. "నేనే" అన్నాను. అక్కను కాపాడాలని కాదు. వద్దనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.