ఆరో సెన్సర్

ఆదివారం పొద్దున ఏడున్నరకి గారెల పిండి రుబ్బుతున్న డయానాకి ఒక్క క్షణం కాలు నిలవడం లేదు. రెండుసార్లు ఉప్పు వేశానేమోనని రుచి చూసింది. అసలు వేయనే లేదు.

ఓ అమెరికా ప్రైవేటు కంపెనీ ల్యాండర్ శుక్రవారంనాడు చంద్రుడి మీద క్షేమంగా దిగింది. అది మోసుకెళ్లిన పరికరాల్లో ఒకటి బెంగళూరు సంస్థది. చంద్రుడి నేలలోకి దబ్బనంలా దిగి లోపలి వేడిని కొలిచే సన్నటి కడ్డీ అది. ఆ కడ్డీలోని సెన్సర్లకి వెంట్రుకంత తీగలు అతికింది మాత్రం ఇక్కడే, బెంజ్ సర్కిల్ దగ్గర, మందుల షాపు మేడ మీదున్న చిన్న కంపెనీలో. అతికింది డయానాయే. పదకొండు వారాలు భూతద్దం కింద ఊపిరి బిగబట్టుకుని చేసిందా పని. ఇవాళ పదిన్నరకి దాన్ని మొదటిసారి ఆన్ చేస్తారు, ఆఫీసుకెళ్లి చూడాలని ఆమె ఆత్రం.

ఇవాళే ఆడపడుచూ ఆవిడ భర్తా భోజనానికి వస్తున్నారు.

"చంద్రుడి మీదికి పోయింది డబ్బా కదమ్మా. నువ్వు కాదుగా" అంది అత్తగారు తెరేసమ్మ, ఉల్లిపాయలు ఆమె ముందుకి జరుపుతూ. భర్త జయపాల్ పేపర్లోంచి తలెత్తకుండానే, సాయంత్రం తీరిగ్గా యూట్యూబులో చూడొచ్చు కదా అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అతనికి ఎప్పుడూ కోపం రాదు, రావాల్సిన అవసరం పడలేదు.

పామర్రులో నాన్న అంతోనికి రేడియోలు బాగుచేసే కొట్టుండేది. పదేళ్లకే డయానా చేతికి సోల్డరింగు కడ్డీ ఇచ్చి, అతుకు ఆవగింజంత ఉండాలి, ఆవగింజలా మెరవాలి అనేవాడాయన. పెళ్లయ్యాక అదే పని "ఏదో అతుకుల పని" అయింది. పదహారేళ్లుగా జయపాల్ తన స్నేహితులకి ఆ మాటే చెబుతున్నాడు, నవ్వుతూ. ఆ పొగకి కళ్లు పోతాయి, ఇంట్లో పని ఎవరు చేస్తారంది అత్తగారు. ఆఫీసు మాత్రం తక్కువ తిందా? మొన్న టీవీ వాళ్లొచ్చినప్పుడు యజమాని హేమసుందర్ గారు కెమెరా ముందు నిలబడి అరగంట మాట్లాడి, "డయానా గారూ, వీళ్లకి టీ చూడండి" అన్నారు. ఆ తర్వాత ఆమె తీగలు అతుకుతుంటే తీశారు. ఇంట్లో అందరూ కూర్చుని చూస్తే టీవీలో వచ్చినవి చేతులే. ఆ గాజుల్ని చూసి తెరేసమ్మే, "అరే, మన డయానా" అంది. ముఖం లేకుండా తనని గుర్తుపట్టడం ఇంట్లోవాళ్లకి అలవాటేనని అప్పుడు అనిపించిందామెకి.

పిండి ఫ్రిజ్‌లో పెట్టి, చేతులు కడుక్కుని, నూనె కాగాక వేసుకోవడమేనని అత్తగారితో చెప్పి బండి తాళాలు తీసుకుంది. వెనక నుంచి ఎవరేమన్నారో వినబడకముందే బండి పటమట సందు దాటింది.

ఆఫీసులో తెర మీద బెంగళూరు నుంచి పద్మావతమ్మ గారున్నారు. ఆ పరికరం ఆలోచన మొదట వచ్చింది ఆవిడకే. గుడివాడ వైపు మనిషి, తెలుగు మరిచిపోలేదు. పదిన్నరకి అంకెలు రావడం మొదలైంది. పైన ఉన్న మొదటి సెన్సర్ తొంభై ఆరు డిగ్రీలు చూపింది. లోతుకి వెళ్లే కొద్దీ రెండు, మూడు, నాలుగు, ఐదో సెన్సర్ల అంకెలు తగ్గుతూ వచ్చాయి. డయానా గోడ పక్క కుర్చీలో కూర్చుని గుప్పిళ్లు బిగించింది. ఆరో దానికి అంకె లేదు, ఖాళీ గీత ఉంది. అన్నిటికంటే అడుగున ఉండేది అదే. అంత దూరం పోయింది దాని కోసమే.

"తెగిపోయినట్టుంది" అన్నారు పద్మావతమ్మ నెమ్మదిగా.

హేమసుందర్ గారు తల వంచుకుని, దిగేటప్పటి కుదుపుకి అతుకు ఊడి ఉంటుందండీ అన్నారు.

అతుకు అన్న మాట వినగానే డయానా లేచి నిలబడింది.

"ఊడలేదండీ" అంది. అందరూ వెనక్కి తిరిగారు. "ఆఖరి టెస్టులో కనెక్టర్లో ఆరో జత పిన్నులు వదులుగా ఉన్నాయని, ఆరో సెన్సర్ తీగల్ని ఖాళీగా ఉన్న ఎనిమిదో జతకి మార్చాను. రిజిస్టర్లో రాశాను. మీ షీట్లో ఎక్కినట్టు లేదు. ఎనిమిదోది చదవమనండి."

రిజిస్టరు తెచ్చి పేజీ తిప్పింది డయానా. తన చేతిరాతే, తేదీతో సహా. పద్మావతమ్మ ఆ పేజీని రెండుసార్లు చదివి, అమెరికాలో ల్యాండర్ వాళ్లకి కబురు పంపారు.

కబురు అక్కడికి చేరి, అక్కడి నుంచి చంద్రుడికి చేరి తిరిగి రావడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆ పద్దెనిమిది నిమిషాల్లో డయానాకి ప్రతి అతుకూ కళ్ల ముందు మెదిలింది. ఒక్కటి కూడా అనుమానంగా కనిపించలేదు. జీవితంలో ఇంత ధీమా ఎప్పుడూ లేదే అనుకుంది.

గీత పోయింది. మైనస్ ఇరవై ఒకటి వచ్చింది.

బెంగళూరులో ఎవరో చప్పట్లు కొట్టారు. మనిషన్నవాడు అడుగుపెట్టని చోట, నేల అడుగున ఉన్న చలి ఇది, తన చేతుల మీదుగా వచ్చింది. డయానాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది, తర్వాత తీసేసింది.

పద్మావతమ్మ ఆమె పేరు అడిగి రాసుకున్నారు. వచ్చే ఏడాది వెళ్లే ల్యాండర్‌కి రెండు పరికరాలు చేస్తున్నామని, జూన్ నుంచి రెండు నెలలు బెంగళూరు వచ్చి టెస్టింగు బాధ్యత తీసుకోగలరా అని అడిగారు.

"ఆవిడకి ఫ్యామిలీ ఉందండీ. ఇంట్లో అడిగి రేపు చెప్తారు" అన్నారు హేమసుందర్ గారు.

"వస్తానండీ" అంది డయానా. "ఇంట్లో నేను చెప్తాను."

మెట్లు దిగుతుంటే జయపాల్ ఫోన్ చేశాడు. చెల్లెలు వాళ్లు వచ్చేశారని, గారెలు నూనె పీల్చేస్తున్నాయని చెప్పాడు. ఆమె ఆరో సెన్సర్ సంగతి చెప్పింది. మంచిదే, త్వరగా వచ్చెయ్ అన్నాడు.

"జూన్‌లో రెండు నెలలు బెంగళూరు వెళ్తున్నానండీ."



"మరి ఇల్లు?" అన్నాడు.

"ఇల్లెక్కడికీ పోదండీ" అంది డయానా. "మీరున్నారుగా."