మడతలో దాచిన మూడు వరసలు

బడులు తెరవడానికి ఇంకా పది రోజులున్నాయి. ఆ పది రోజులూ టైలరు కొట్టులో కాలు పెట్టే చోటుండదు. పోయినేడు మోకాళ్ళు దాటిన స్కర్టులన్నీ ఈ ఏటికి మోకాళ్ళ పైకి ఎగబాకి ఉంటాయి. బొత్తాలు పెట్టుకుంటే ఊపిరాడని చొక్కాలూ, చీలమండలు కనిపించే ప్యాంట్లూ సంచుల్లో కుక్కుకుని తల్లులు వరస కడతారు. "ఏం తింటున్నారో గానీ, ఇలా సాగిపోతున్నారేమిటమ్మా!" అని పిల్లల్ని తిడుతున్నట్టే తిడుతూ లోపల్లోపల మురిసిపోతుంటారు. కొత్త గుడ్డ వాసన, ఇస్త్రీ పెట్టె కింద లేచే ఆవిరి, రేకు డబ్బాలో గలగలమనే బొత్తాలు. చూసే కన్నుండాలే గానీ, ఆ ఇరుకు గదిలో సంబరానికి తక్కువేమీ ఉండదు.

ఆ కొట్టు పొడుగమ్మది. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. కూర్చుని కుడుతుంటేనే నిలబడ్డవాళ్ళంత కనిపిస్తుంది కాబట్టి వీధి అలా పిలుస్తోంది. కొట్టులో రెండు మిషన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఆవిడది. రెండోదాని మీద రెండేళ్ళుగా ఒక పాత దుప్పటి కప్పి ఉంది.

ఆ సాయంత్రం రిటైరైన పంతులమ్మగారు మనవరాలి గౌను పట్టుకుని వచ్చారు.

"రెండు వేళ్ళు దించాలి పొడుగమ్మా. గుడ్డకేం లోటు లేదు, లోపలికి బోలెడు మడిచి పెట్టింది. ఆ ముందుచూపు మన పిట్టమ్మకే..."

పొడుగమ్మ చప్పున నోటి మీద వేలు పెట్టుకుంది. కళ్ళతో మూల వైపు చూపించింది.

మూలలో ముక్కాలిపీట మీద పదిహేనేళ్ళ అమ్మాయి కూర్చుని, ఎడంచేత్తో చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. తలెత్తలేదు. సూది మాత్రం గుడ్డలో సగం దిగి ఆగింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

పంతులమ్మగారు మాట మింగేశారు. "ఎండలు మండిపోతున్నాయి" అన్నారు.

"అవునండీ, మాడిపోతున్నాం" అంది పొడుగమ్మ.

బయట మబ్బు పట్టి ఉంది.

పిట్టమ్మ ఆ అమ్మాయి తల్లి. పొడుగమ్మకి ప్రాణస్నేహితురాలు. పదకొండేళ్ళు ఇద్దరూ కలిసి ఆ కొట్టు నడిపారు. నిచ్చెనా పీటా ఒకచోట చేరాయని వీధి నవ్వేది. "పై అరలో గుడ్డ నువ్వు తియ్యి, కింద పడ్డ సూది నేను తీస్తాను. మధ్యలో ఉన్నవాటిని వాటి ఖర్మకి వదిలేద్దాం" అనేది పిట్టమ్మ. ఆవిడది ఎడంచేతి వాటం. మిషను కుట్టు ఎవరు కుట్టినా ఒకలాగే ఉంటుంది గానీ, అంచు మడిచి చేత్తో కుట్టేటప్పుడు మాత్రం ఎడంచేతివాళ్ళ కుట్లు అందరివాటికీ ఎదురు దిక్కుకి వాలతాయి. ఆ వీధిలో సగం మంది పిల్లల బట్టల లోపల ఆ ఎదురువాలు కుట్లే ఉండేవి.

రెండేళ్ళ కిందట, నాలుగు రోజుల జ్వరంలో పిట్టమ్మ పోయింది.

ఆ తరవాత ఏం జరిగిందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన ఇళ్ళల్లో జరిగేదే. భర్త సిటీ బస్సు డ్రైవరు. పిల్ల బెంగ పెట్టుకుంటుందని గోడమీది ఫొటో తీసి పెట్టె అడుగున పెట్టాడు. ఆవిడ బట్టలు ఎవరెవరికో ఇచ్చేశాడు. ఇరుగుపొరుగు ఆ పిల్ల వస్తుంటే కబుర్లు మార్చేవారు. ఆ పిల్ల వింటుండగా తమ పిల్లలతో "మీ అమ్మ పిలుస్తోంది" అనడానికి కూడా జంకేవారు. ఒక్కచోట నిలవదని తల్లి ఆ పిల్లని బొంగరం అని పిలిచేది. ఆ పేరు కూడా ఎవరూ నోట రానివ్వలేదు. అందరిదీ మంచి మనసే. ఆ మంచి మనసుతోనే అందరూ కలిసి ఆ పిల్ల చుట్టూ తలా ఒక ఇటుక పేర్చి గోడ కట్టారు.

బొంగరం తిరగడం మానేసింది.

పొడుగమ్మ అందరికంటే ఒక అడుగు ముందే ఉంది. పిట్టమ్మ కుట్టిన బట్ట దించడానికి వస్తే చాలు, దాన్ని వెనక గదిలోకి తీసుకుపోయేది. ఒక్క పోగు మిగలకుండా ఆ కుట్లు విప్పేసి, తన కుట్టు వేసి బయటికి తెచ్చేది. విప్పనక్కర్లేని చోట కూడా విప్పేది. పిల్ల కంట పడకూడదు పాపం అనుకునేది. నిజం చెప్పాలంటే, ఆ కుట్లు చూడలేనిది పిల్ల కాదు.

శుక్రవారం డ్రైవరు డ్యూటీ దిగి, ఇంటికైనా వెళ్ళకుండా కొట్టుకి వచ్చాడు.

"అక్కా, అమ్మాయి హాస్టల్లో చేరతానంటోంది."

"ఏ హాస్టలు? ఎక్కడ?"

"దూరం. బస్సులో పగలంతా పడుతుంది. ఫారం తనే నింపుకుంది, నా సంతకం ఒక్కటే బాకీ. సోమవారం బయల్దేరతానంటోంది. సెలవులకి వస్తావామ్మా అంటే, చూస్తానంది."

పొడుగమ్మ కత్తెర బల్ల మీద పెట్టేసింది. "ఎందుకట?"

"అడక్కుండా ఉంటానా? 'ఏం లేదు నాన్నా' అంటుంది. రోజు మొత్తానికి నాతో అయిదు మాటలు మాట్లాడితే అందులో మూడు 'ఏం లేదు'లే. నేనేం తక్కువ చేశానక్కా? వాళ్ళమ్మ ఊసైనా చెవిన పడకుండా కంటికి రెప్పలా చూసుకున్నాను కదా!"

"నేను మాత్రం? ఈ గదిలో ఆ మాట ఎత్తనిచ్చానా?" అంది పొడుగమ్మ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సమాధానం ఇద్దరి మధ్యా కూర్చునే ఉంది. ఇద్దరికీ కనిపించలేదు.

అతను సంచిలోంచి ఒక నీలం స్కర్టు తీశాడు. "ఇది మరీ పొట్టిదైపోయింది. దించుకోవే అంటే దించుకోదు. కొత్తది కుట్టిస్తానంటే వద్దంటుంది. క్లాసులో నవ్వినా సరే ఇదే వేసుకెళ్ళింది. కొత్తచోట పదిమందిలో నవ్వులపాలవుతుంది. దానికి తెలీకుండా తెచ్చాను. కాస్త దించి పెట్టు అక్కా."

స్కర్టు చేతిలోకి రాగానే పొడుగమ్మకి తెలిసిపోయింది. పిట్టమ్మ చివరిగా కుట్టిన బట్టల్లో అదొకటి.

శనివారం పొద్దున్న దాన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. ఎప్పుడూ చేసే పనే కదా అనుకుంది. చిన్న కత్తెర మొన కుట్టు కింద దూర్చి ఒక్కొక్కటే తెంపుతూ పోయింది. మధ్యలో కళ్ళు మసకబారితే అద్దాలు తుడుచుకుంది. అద్దాలది కాదు తప్పని తెలిసీ మళ్ళీ తుడుచుకుంది. చివరి కుట్టు తెగేసరికి నేలనిండా నీలం దారం ముక్కలు.

ముందు గదిలో గౌను కోసం వచ్చిన పంతులమ్మగారి గొంతు వినిపించింది. వెంటనే పరుగెత్తుకొస్తున్న అడుగులు.

"పెద్దమ్మా, నా స్కర్టు నాన్న గానీ..."

గుమ్మంలో బొంగరం ఆగిపోయింది. పొడుగమ్మ ఒళ్ళో స్కర్టు చూసింది. నేల చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ దారం ముక్కలు ఒక్కొక్కటీ ఏరి అరచేతిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏయ్ తల్లీ, దించుతున్నానంతే. ఎంత చక్కగా కుట్టిపెడతానో చూడు."

"నాకు చక్కగా వద్దు."

"అది కాదే..."

"రెండేళ్ళుగా చూస్తున్నాను పెద్దమ్మా. అమ్మ కుట్టినవి వస్తే నువ్వు లోపలికి పట్టుకెళ్తావు. బయటికి తెచ్చేసరికి అందులో అమ్మ ఉండదు." పిల్ల గొంతు వణకలేదు. అదే భయంగా ఉంది. "ఇంట్లో ఫొటో లేదు. ఒక్క గుడ్డముక్క లేదు. ఎవరూ పేరెత్తరు. ఒక్కోసారి నాకు నిజంగా అమ్మ ఉండేదా అని అనుమానం వస్తుంది. ఇదొక్కటే మిగిలింది. అందుకే దించుకోలేదు."

"నీకు బాధ కలుగుతుందని కదే..."

"నాకు బాధగానే ఉంది పెద్దమ్మా! మీరు అనకపోతే లేకుండా పోతుందా? నేనొక్కదాన్నే పడుతున్నాను, అంతే తేడా. హాస్టల్లో ఎవరూ అమ్మ మాట ఎత్తకపోయినా ఫరవాలేదు. వాళ్ళకి తెలీదు కాబట్టి ఎత్తరు. మీకు తెలిసీ ఎత్తరు."

పంతులమ్మగారు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచరు, ఆ రోజూ పెంచలేదు.

"మొన్న నువ్వు నోటి మీద వేలు పెడితే నేను నోరు మూసుకున్నాను పొడుగమ్మా. నలభై ఏళ్ళు పిల్లల చేత నోరు విప్పించినదాన్ని, నాదీ తప్పే. వీళ్ళమ్మని జ్వరం తీసుకుపోయింది. ఆవిడ కబుర్లని మాత్రం మనమే తీసుకుపోయాం. ఈ పిల్ల రెండుసార్లు పోగొట్టుకుంది. మొదటిదానికి ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. రెండోదైనా తిరిగి ఇచ్చెయ్యి."

ఏం ఇవ్వాలో తెలియక పొడుగమ్మ ఒళ్ళోకి చూసుకుంది. అప్పుడు కనిపించింది.

కుట్టు విప్పిన మడత తెరుచుకుని ఉంది. బయట గుడ్డ వెలిసిపోయింది గానీ, మడతలో దాగిన మేర నీలం కొన్ననాటిలా నిగనిగలాడుతోంది. దాని మీద తెల్లదారంతో వదులుగా వేసిన మూడు వరసలు. ఒక్కో వరస చివర దారంతోనే చిన్న అంకె. పద్నాలుగు. పదిహేను. పదహారు.

"ఇటు రా" అంది పొడుగమ్మ. "ఇది చూడు. మీ అమ్మ... మన పిట్టమ్మ వేసింది."

పిల్ల దగ్గరికి వచ్చింది. వేలితో ఆ అంకెలు తడిమింది.

"నేను మరిచేపోయాను. ఏడాదికొక వరస. నీ పుట్టినరోజుకి ఒక్కోటి దించాలని. నేను నవ్వాను. 'పిల్ల ఎంత పెరుగుతుందో ఇప్పుడే నీకెలా తెలుసే, జోస్యం కూడా మొదలెట్టావా?' అన్నాను. 'పెరక్కపోతే మడత అలాగే ఉంటుంది, నష్టమేముంది?' అంది. 'మరి ఇంతకంటే పెరిగితే?' అన్నాను. 'అప్పుడు నీ లంగా కత్తిరించి అతుకేస్తాను. నీదాంట్లో ముగ్గురికి సరిపడా గుడ్డ ఉంటుంది' అంది."

బొంగరం నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పొడుగమ్మ ఆ పిల్లని అంత పొడుగు చేతులతోనూ చుట్టేసి తనూ ఏడ్చింది. రెండేళ్ళలో ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.

"దించుకోకుండా దాచుకున్నాను" అంది పిల్ల కాసేపటికి. "అమ్మేమో దించుకోమని పెట్టింది."

"నేను తెంపి పారేశాను. ఇద్దరికి ఇద్దరమే."

"ఇంకా ఏమంది పెద్దమ్మా? అమ్మ ఇంకా ఏమనేది?"

ఆ 'ఇంకా' అన్న మాటకి పొడుగమ్మ దగ్గర పదకొండేళ్ళ కబుర్లున్నాయి.

సాయంత్రం డ్రైవరు వచ్చేసరికి రెండో మిషను మీది దుప్పటి తీసి ఉంది. దాని ముందు కూతురు కూర్చుని స్కర్టు అంచు చేత్తో కుట్టుకుంటోంది, పదిహేను అంకె ఉన్న వరస దగ్గర. అతను వంగి చూశాడు. కుట్లు ఎదురు దిక్కుకి వాలి ఉన్నాయి. అచ్చం అలాగే. అతను ముక్కాలిపీట లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

"తమ్ముడూ, పిట్టమ్మ బస్సు టికెట్టు సంగతి దీనికి తెలీదట. నువ్వే చెప్పు" అంది పొడుగమ్మ.

కూతురు సూది ఆపి ఎదురుచూసింది. ఈసారి ఎవరూ ఎండల గురించి మాట్లాడలేదు.

"మీ అమ్మ..." అని ఆగాడు. "మీ అమ్మ నా బస్సు ఎక్కినా టికెట్టు కొనేది. కండక్టరు వద్దంటే, 'డ్రైవరు నా మొగుడు గానీ బస్సు నా మొగుడిది కాదు' అని అందరిముందూ అనేది. బస్సంతా నవ్వేది. సిగ్గుతో నేను వెనక్కి తిరిగేవాణ్ణి కాదు. అద్దంలోంచి చూసేవాణ్ణి. తనకి తెలుసు. అద్దంలోకి చూసి కన్ను కొట్టేది... నీకు బాధగా ఉందా బొంగరం?"

"లేదు నాన్నా" అంది ఆ పిల్ల. "మళ్ళీ చెప్పు."

సోమవారం ఆ దూరపు బస్సు ఒక సీటు ఖాళీగా పెట్టుకుని వెళ్ళిపోయింది. పెట్టెలో ఫొటో గోడ మీదికి వచ్చింది. తల్లి మాట ఎత్తిన రోజున ఇంట్లో అప్పుడప్పుడూ ఏడుపు రాకపోలేదు. కానీ ఎవరూ ఒంటరిగా ఏడవలేదు.

బడి తెరిచిన రోజు బొంగరం ఆ స్కర్టే వేసుకుని వెళ్ళింది. పైనంతా వెలిసిపోయిన నీలం. కింద నాలుగు వేళ్ళ మేర మాత్రం నిగనిగలాడే ముదురు నీలం. పక్కన కూర్చున్న పిల్ల అడగనే అడిగింది, "అదేమిటే, కింద వేరే రంగు?"

"వేరేది కాదు, అదే గుడ్డ. మా అమ్మ నాకోసం లోపల దాచింది" అంది బొంగరం.

మీ వీధిలోనూ అలాంటి పిల్లో, తల్లో, భర్తో ఉండే ఉంటారు. వాళ్ళు ఎదురుపడితే ఎండల గురించి మాట్లాడి తప్పుకోకండి. పోయినవాళ్ళ గురించి మీకు తెలిసిన ఒక్క చిన్న కబురు చెప్పండి, వాళ్ళు దానికోసమే ఎదురుచూస్తున్నారు.