తలుపవతల బావ

మా బావ వంటవాడు కాకపోయి ఉంటే ఆ రోజు అందరితో పాటు లోపలే ఉండేవాడు. సముద్రపు దొంగలు నిచ్చెన తగిలించి ఓడ ఎక్కుతున్నారని గంట మోగింది. అలాంటప్పుడు ఎక్కడి పని అక్కడ వదిలేసి, అడుగున ఉన్న చుక్కాని యంత్రాల గదిలోకి పరుగెత్తి ఇనుప తలుపు బిగించుకోవాలి. ఈ మహానుభావుడు సగం దారిలో ఆగి, పొయ్యి మీద నూనె కాగుతోంది, అంటుకుంటే ఓడంతా తగలబడుతుంది అంటూ వెనక్కి తిరిగాడు. వంటవాళ్ళకు ప్రాణం కంటే పొయ్యే ముఖ్యం. రెక్క పట్టుకుని లాగాను, విదిలించుకున్నాడు.

ఓడలో నేను సరంగుని, డెక్కు మీద పనిచేసేవాళ్ళకు పెద్దని. గది గడియ నా చేతిలోనే ఉంది. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరయ్యేదాకా ఆగాను. ఇక కెప్టెన్ వెయ్యమన్నాడు, వేశాను. బావకేమైనా అయితే అక్కకు ఏ మొహం చూపించను?

ఇంజనీరు లోపలి నుంచే ఇంజన్ ఆపేశాడు. ఓడ కదలకపోతే దొంగలు దాన్ని ఎక్కడికీ తోలుకుపోలేరు. కదిలించాలంటే మమ్మల్ని బయటికి లాగాలి. అందుకే తుపాకీ మడమలతో తలుపు బాదసాగారు. లోపల గ్రీజు వాసన, చెమట, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది. ఉన్నట్టుండి బాదడం ఆగింది. బావ గొంతు వినిపించింది.

"నాయనా, తలుపు తియ్యి. వీళ్ళు ఎవర్నీ ఏం చెయ్యరట. నువ్వు బంగారం లాంటివాడివి, నా మాట విను."

పెళ్ళినాటి నుంచి ఆ మనిషి నన్ను దున్నపోతా అని తప్ప పిలిచి ఎరగడు. జ్వరంతో మూలుగుతుంటే కూడా, చావు, పీడ విరగడవుతుంది అంటూనే మందుబిళ్ళ నోట్లో వేసేవాడు. బావాబామ్మర్దుల వేళాకోళం అంతే కదా. ఆ నోట నాయనా, బంగారం అని వచ్చాయంటే తల మీద తుపాకీ ఉన్నట్టే. తియ్యొద్దని సైగ చేస్తున్నాడన్నమాట. ఎంత తెలివి మా బావకి!

గదిలో మా భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మీవాడు ఏమంటున్నాడని కెప్టెన్ అడిగాడు. ప్రాణం పోయినా తలుపు తియ్యొద్దంటున్నాడని చెప్పాను.

బయట బావ ఇంకా పిలుస్తున్నాడు, ఇంకా తియ్యగా. తర్వాత అరిచాడు. ఆ అరుపు విని గడియను రెండు చేతులా పట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే గర్వపడ్డాను కూడా, మా అక్క ఎలాంటి మగాణ్ణి కట్టుకుందో అని.

ఓడ కదలదని తేలాక దొంగలు చేతికందింది ఊడ్చుకుని దిగిపోయారు. వాళ్ళ పడవ మోత దూరమయ్యాక తలుపు తీశాం. బావ గోడకు చేరగిలబడి ఉన్నాడు. ముఖం వాచిపోయింది, కుడిచెయ్యి విరిగి వేలాడుతోంది, కానీ బతికే ఉన్నాడు. పక్కన కూలబడి, నీ సైగ నాకు అర్థమైంది బావా, అందరినీ కాపాడావు అన్నాను. కెప్టెన్ అయితే ఆయన ఎడమచెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

మిగతావాళ్ళు స్ట్రెచర్ కోసం పైకి వెళ్ళేదాకా బావ నా వంకే చూస్తూ ఉన్నాడు. తర్వాత మెల్లగా నోరు విప్పాడు.

"వాళ్ళకి మన భాష రాదు కదరా. తియ్యొద్దనాలనుకుంటే తియ్యొద్దనే అనేవాణ్ణి."

బావ కళ్ళు మూసుకున్నాడు.

"మీ అక్కకి మాత్రం కెప్టెన్‌కి చెప్పినట్టే చెప్పు."